ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ మీద: మ్యాపులో తెల్ల గీతలు వెతకండి

ప్రశ్న: జూన్ రెండో వారంలో నేను, మా ఆవిడ ఫ్రాన్స్ వస్తున్నాం. తులూజ్‌లో మా బంధువుల ఇల్లు ఉంది. సైకిల్ కోసం 6 రోజులు పెట్టుకున్నాం. హైదరాబాద్‌లో ఆదివారాలు గండిపేట, చిలుకూరు వైపు 50, 60 కిలోమీటర్లు తొక్కుతాం. నేను 200 కిలోమీటర్ల బీఆర్ఎం (నిర్ణీత గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) రెండు సార్లు పూర్తి చేశాను. మా ఆవిడకి లారీలంటే టెన్షన్. కార్ల గోల లేని పల్లె రోడ్లు కావాలి. అందరూ లువార్ నది రూటు చెప్తున్నారు. అదే చేయమంటారా? మేం శాకాహారులం.

జవాబు:

నమస్తే అండీ. నేను తులూజ్‌కి వచ్చి 14 ఏళ్లైంది. వచ్చిన రెండో ఏడు సైకిల్ కొన్నాను. అప్పట్నుంచి వీలు దొరికిన ప్రతి శనాదివారం ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే తిరుగుతున్నాను. అందుకే మీ ప్రశ్న చూడగానే కాస్త తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

ముందు లువార్ సంగతి. నెవేర్ ఊరి దగ్గర మొదలై సముద్రం దాకా సుమారు 900 కిలోమీటర్లు ఉంటుంది ఆ రూటు. అడుగడుగునా బోర్డులు, చదునైన దారి, దారిపొడుగునా షాంబోర్, ఆంబ్వాజ్, విలాంద్రీ లాంటి కోటలు. చాలా బాగుంటుంది, అందులో సందేహం లేదు. పిల్లలతో వచ్చేవాళ్లకి నేను కూడా అదే చెప్తాను. కానీ మీరు దిగేది తులూజ్‌లో. అక్కడికి సైకిళ్లతో రైల్లో వెళ్లి రావడానికే 6 రోజుల్లో రెండు రోజులు పోతాయి. పైగా మీరు అడిగింది గోల లేని పల్లె రోడ్లు. పేరున్న రూట్లలో కార్లు ఉండకపోవచ్చు గానీ, జూన్ వచ్చిందంటే సైకిళ్లే బారులు తీరి ఉంటాయి. మీకు కావలసినవి తులూజ్‌కి ఉత్తరాన, రైల్లో రెండు గంటల పైచిలుకు దూరంలో ఉన్నాయి. వాటికి పేర్లు లేవు, బోర్డులు లేవు. మ్యాపులో సన్నటి తెల్ల గీతల్లా ఉంటాయి, అంతే. వాటిని చదవడం వస్తే ఫ్రాన్స్‌లో ఏ మూలకి వెళ్లినా ప్రశాంతమైన రోడ్డు మీరే వెతుక్కోగలరు.

అసలు ఇక్కడ ఇన్ని ఖాళీ రోడ్లు ఎందుకున్నాయో ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతాది సులువు. ఈ దేశంలో దాదాపు 35,000 కొమ్యూన్‌లు ఉన్నాయి. కొమ్యూన్ అంటే మన గ్రామ పంచాయతీ అనుకోండి. వంద మంది జనాభా ఉన్న ఊరికి కూడా సొంత మేయరు, సొంత ఆఫీసు, సొంత రోడ్లు. దేశంలో రోడ్లన్నీ కలిపితే 10 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. అందులో ఆటోరూట్లు (అంటే ఎక్స్‌ప్రెస్ హైవేలు), జాతీయ రోడ్లు రెండూ కలిపినా 20 వేల కిలోమీటర్ల చిల్లరే. మిగతాదంతా జిల్లాలదీ, ఈ చిన్న ఊళ్లదీ. పల్లెల్లోంచి జనం పట్నాలకి వెళ్లిపోయారు, రోడ్లు మాత్రం ఉండిపోయాయి. వాటికి ఇప్పటికీ తారు పడుతూనే ఉంది. మన ఊళ్లలో పొలాల మధ్య డొంక ఉంటుంది చూడండి, దానికి నున్నగా తారు వేస్తే ఎలా ఉంటుందో అలాంటి రోడ్లు. రోజంతా చూస్తే పోస్టువాళ్ల పసుపు బండి, పాల ట్యాంకరు, బడి బస్సు, ఒకటో రెండో ట్రాక్టర్లు. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా అవి కూడా ఉండవు. అది ఇక్కడ భోజనాల వేళ, రోడ్డు మీద నరమానవుడు కనపడడు.

ఇప్పుడు మ్యాపు. మీరు వెళ్లే ప్రాంతానికి మిషెలిన్ వాళ్ల 337 నంబరు మ్యాపు కొనండి. లోత్, తార్న్-ఏ-గరోన్ జిల్లాలు రెండూ అందులో ఉంటాయి. స్కేలు 1:1,50,000, సైకిల్‌కి సరిగ్గా సరిపోతుంది. అందులో ఎర్ర రోడ్లు మీవి కావు. పసుపు రోడ్లు పరవాలేదు, కొన్ని చాలా మంచివి కూడా. తెల్లవి మీ కోసం వేసినవే అనుకోండి. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత కూడా ఉంటే అక్కడ చూడడానికి బాగుంటుందని అర్థం. రోడ్డు మీద చిన్న బాణపు మొనలు గీసి ఉంటాయి, అవి ఎక్కుడు గుర్తులు. ఒక మొన ఉంటే 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే 13 దాటిందన్నమాట. మూడు మొనలు కనపడితే ఇంకో దారి చూడండి. సామాను కట్టుకున్న సైకిల్‌తో అది ఎక్కడం కంటే నడిపించుకుంటూ పోవడమే అవుతుంది.

రోడ్డు నంబర్ల గురించి చాలామంది ఒక సూత్రం చెప్తారు. ఎ అంటే ఆటోరూట్, సైకిళ్లకి నిషేధం. ఎన్ అంటే జాతీయ రోడ్డు, వద్దు. డి అంటే జిల్లా రోడ్డు, అంకెలు ఎక్కువున్న కొద్దీ రోడ్డు చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. సూత్రం చాలావరకు నిజమే. నేనూ అదే నమ్మి ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. కొత్తలో మొంతొబాన్ నుంచి కాయోర్ వెళ్దామని బయల్దేరాను. ఫోన్‌లో నావిగేషన్ డి 820 చూపించింది. డి, మూడంకెలు, ఇంకేం కావాలి అనుకున్నాను. పది నిమిషాల్లో నా మోచేతి పక్క నుంచి వరసగా మూడు పెద్ద ట్రైలర్లు పోయాయి. ఆ గాలికి సైకిల్ ఊగిపోయింది. తర్వాత తెలిసింది, అది పాత ఎన్ 20. 2006లో జాతీయ రోడ్లు చాలావాటిని జిల్లాలకి అప్పగించినప్పుడు పేరు మారింది గానీ ట్రాఫిక్ మారలేదు. పక్కనే ఎ 20 ఆటోరూట్ ఉంది కదా, లారీలు అటు పోవా అంటే, అక్కడ టోల్ కట్టాలి. టోల్ తప్పించుకోవాలనుకునే వాళ్లందరూ ఈ పాత రోడ్డు పడతారు. అలాగే తులూజ్ నుంచి మొయిసాక్ వైపు వెళ్లే డి 813 పాత ఎన్ 113. ఆల్బీ వైపు డి 888 పాత ఎన్ 88. ఈ మూడు నంబర్లూ గుర్తు పెట్టుకోండి. వాటిని అడ్డంగా దాటండి, వాటి మీద మాత్రం తొక్కకండి. ఇంకో ప్రాంతంలో మీకు తెలియని నంబరు తగిలితే కాగితం మ్యాపు చూడండి, రంగు అబద్ధం చెప్పదు.

యాప్‌లు వద్దని కాదు. సైకిల్ డాట్ ట్రావెల్ అనే సైటు చిన్న రోడ్లని బాగానే పట్టుకుంటుంది. ఫ్రెంచి ప్రభుత్వ మ్యాపులు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. నేను కాగితం మీద దారి గీసుకుని, తర్వాత దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుంటాను. యాప్ చెప్పిన దారి తీసుకుంటే ఒక్కోసారి మట్టి బాటలోకి లాక్కెళ్తుంది. అందుకే 28 మిల్లీమీటర్ల కంటే సన్నటి టైర్లు పెట్టుకోకండి, 32 అయితే ఇంకా హాయి.

ఇక రూటు. మొదటి రోజు ఎక్కడికీ దూరం పోవద్దు. తులూజ్ స్టేషన్ ఎదురుగానే కెనాల్ దు మిది ఉంది, దాని గట్టు మీద నౌరూజ్ వైపు తొక్కండి. 50 కిలోమీటర్ల పైచిలుకు దారి, తారు, చదును, కార్లు లేవు. పియెర్-పోల్ రికే తవ్వించిన కాలువ అది, 1681లో ప్రారంభమైంది. నౌరూజ్ దగ్గర నీళ్లు రెండు వైపులకీ విడిపోతాయి, ఇటు పోయినవి అట్లాంటిక్‌కి, అటు పోయినవి మధ్యధరాకి. కాలువ పక్కన చెట్లు కొట్టేసిన చోట్లు కనపడి మనసు చివుక్కుమంటుంది. 2006 నుంచి ఒక శిలీంధ్ర తెగులు ఆ మహావృక్షాలని తినేస్తోంది, వాటి స్థానంలో కొత్తవి నాటుతున్నారు. వెనక్కి తొక్కే ఓపిక లేకపోతే విల్‌ఫ్రాంష్-ద-లొరగే స్టేషన్‌లో రైలెక్కి వచ్చేయండి.

ఈ రోజుని నేను ప్రాక్టీస్ రోజు అంటాను. దానికి రెండు కారణాలు. ఒకటి, ఇక్కడ కుడి వైపు తొక్కాలి. రెండోది చాలామంది ముందుగా చెప్పరు: బ్రేకులు తారుమారుగా ఉంటాయి. మన దగ్గర కుడి చేతి కింద ముందు బ్రేకు, ఎడమ చేతి కింద వెనక బ్రేకు. ఫ్రాన్స్‌లో అద్దె సైకిల్ తీసుకుంటే ఎడమ చేతి కింద ముందు బ్రేకు ఉంటుంది. దిగుడులో కంగారుపడి అలవాటు చొప్పున ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంటే ముందు చక్రం ఆగిపోయి మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. మా ఇంటికి వచ్చిన మా తమ్ముడికి సరిగ్గా అదే జరిగి మణికట్టు విరిగింది. షాపులో సైకిల్ తీసుకోగానే బ్రేకు తీగలు మార్చమని అడగండి, కుదరకపోతే కాలువ గట్టు మీద రోజంతా చేతులకి అలవాటు చేయండి.

కుడి వైపు తొక్కడం ఊళ్లో కష్టం కాదు, చుట్టూ కార్లు ఉంటాయి కాబట్టి వాటి వెంట పోతాం. ప్రమాదం ఖాళీ రోడ్డు మీదే. ఫోటో కోసం ఆగుతారు, నీళ్లు తాగుతారు, మళ్లీ ఎక్కి తెలియకుండానే ఎడమ వైపుకి వెళ్లిపోతారు. ఎదురుగా ఎవరూ రారు కాబట్టి తప్పు తెలియదు, మలుపు తిరిగేదాకా. అందుకని ఆగిన ప్రతిసారీ కుడి పక్కనే ఆగండి, సైకిల్‌ని కుడి అంచు మీదే పెట్టండి. మీ శ్రీమతి గారు, మీరు బయల్దేరే ముందు ఒకరికొకరు ‘కుడి’ అని పైకి చెప్పుకోండి. మేం ఇప్పటికీ ఇండియా వెళ్లి వచ్చిన మొదటి వారం అలా చెప్పుకుంటాం.

రెండో రోజు తులూజ్ నుంచి ఫిజాక్‌కి రైలు. గయ్యాక్, నజాక్ మీదుగా వెళ్తుంది, అవెరోన్ నది లోయలో కిటికీ పక్కన కూర్చుంటే ప్రయాణమే ఒక ముచ్చట. ప్రాంతీయ రైళ్లలో చోటు ఉన్నంతవరకు సైకిల్‌కి టికెట్ అక్కర్లేదు. రోజుకి కొన్నే రైళ్లు ఉంటాయి, ముందే చూసుకోండి. టైంటేబుల్‌లో ‘ఆటోకార్’ అని ఉంటే అది రైలు కాదు, బస్సు. దాంట్లో సైకిల్ ఎక్కించుకుంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఫిజాక్ పాత ఊరు, ఈజిప్టు బొమ్మల లిపిని చదివిన షాంపోలియోన్ పుట్టింది ఇక్కడే. ఆయన ఇంటి పక్క ఆవరణలో రోజెట్టా రాతి నమూనాని నేల నిండా పరిచారు, దాని మీద నడవొచ్చు. ఆ రాత్రి అక్కడే ఉండండి. శనివారం పడితే సంత చూసి కదలండి.

మూడో రోజు సేలే నది. మీ 6 రోజుల్లో ఇది ఒక్కటే చేయగలిగినా చాలు అంటాను. ఫిజాక్ దాటాక డి 41 పడితే ఆ నది పక్కనే, అది లోత్ నదిలో కలిసే దాకా తీసుకెళ్తుంది. 45 కిలోమీటర్లు ఉంటుందేమో, నదితో పాటే దిగుతుంది కాబట్టి ఒళ్లు అలవదు. మ్యాపులో ఇది పసుపు రోడ్డు, అయినా జూన్‌లో పని రోజు పొద్దున నేను గంటకి పది కార్లు లెక్కపెట్టిన సందర్భాలు లేవు. ఒక పక్క నది, ఇంకో పక్క సున్నపురాయి కొండ నిటారుగా నిలబడి ఉంటుంది. కొన్నిచోట్ల రాయి రోడ్డు మీదికి గొడుగులా వంగుతుంది, దాని కింద నుంచి పోతుంటే మీ సైకిల్ గొలుసు చప్పుడు మీకే తిరిగి వినిపిస్తుంది. ఎస్పాన్యాక్ దగ్గర ఆగండి. నది అవతల చిన్న ఊరు, అక్కడ పాత మఠానికి చెక్క చట్రం, ఇటుకల గంట గోపురం ఉంది. ఆ తర్వాత మార్సియాక్, అక్కడ సగం కూలిన మఠం. పైకప్పు లేని గోడల మధ్య గడ్డి, పైన పిచ్చుకలు. కొండ గోడల్లో గుహలకి అడ్డంగా రాళ్లు పేర్చి కట్టిన పాత కోటలు కనపడతాయి, యుద్ధాల కాలంలో జనం దాక్కున్న చోట్లు అవి. తలెత్తి చూస్తూ తొక్కకండి, ఆగి చూడండి.

రాత్రికి కబ్రెరే. ఊరి పైన కొండలో పెష్ మెర్ల్ గుహ ఉంది. 1922లో ఊరి కుర్రాళ్లు కనిపెట్టారు. లోపల గోడ మీద చుక్కల గుర్రాల బొమ్మలు ఉన్నాయి, వాటి వయసు సుమారు 29,000 ఏళ్లు. నకలు కాదు, అసలు గోడే చూపిస్తారు. అందుకే రోజుకి ఇంతమందే అని పరిమితి పెట్టారు, టికెట్ ముందే బుక్ చేసుకోండి. ఒక మనిషి తన చెయ్యి గోడకి ఆనించి చుట్టూ రంగు ఊదిన గుర్తులు ఆ గుర్రాల పక్కన ఉన్నాయి. అవి చూసి బయటికి వచ్చాక కాసేపు నాకు మాట రాలేదు.

గుహ ముందు రోజు మధ్యాహ్నమే చూసేయండి. నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరి, బూజియే దగ్గర ఇరుకు వంతెన మీద లోత్ నది దాటండి. అవతల డి 40 రోడ్డు కొండ అంచున పైకి పోతుంది. ఎక్కుడే, కానీ తొక్కగలిగిన ఎక్కుడు. పైన బాంకురెల్ అనే చోట రెండు నదులు కలిసేది కిందకి కనపడుతుంది. ఆ తర్వాత సాఁ-సిర్-లాపోపీ. చాలా అందమైన ఊరు, పదకొండు దాటితే చాలా రద్దీ. తొమ్మిదిన్నర లోపు చేరితే ఊరు మీదే. ఆలస్యమైతే పైనుంచి చూసి ముందుకి సాగిపోండి, పెద్దగా పోయేదేమీ లేదు.

అక్కడి నుంచి లిమోన్య దాకా, మర్నాడు లిమోన్య నుంచి కెలూస్ మీదుగా సాం-ఆంతొనా దాకా ఉన్న ప్రాంతాన్ని కోస్ అంటారు. సున్నపురాయి పీఠభూమి. మీరు అడిగిన ప్రశాంతత ఇక్కడే ఉంది. పొట్టి సింధూర చెట్లు, గట్టు రాళ్లతో పేర్చిన గోడలు, గోడల మధ్య గుండ్రటి రాతి గుడిసెలు, కళ్ల చుట్టూ నల్ల మచ్చలతో అద్దాలు పెట్టుకున్నట్టుండే గొర్రెలు. తెల్ల రోడ్లే అన్నీ. ఏ రెండు ఊళ్ల మధ్యన చూసినా మూడు దారులుంటాయి, ఏది పట్టుకున్నా తప్పు కాదు. బొర్‌గార్ అనే ఊళ్లో పాత సంత చావిడి ఉంది, రాతి పలకల పైకప్పుతో. అక్కడి రాతిలో ధాన్యం కొలిచే గుంటలు తొలిచి ఉన్నాయి. మన కుంచం, మానిక లాగా అది ఊరందరికీ ఒకటే కొలత. చెయ్యి పెట్టి చూడండి, గుంటల అంచులు చేతులు తగిలి తగిలి నున్నగా అరిగిపోయాయి.

కోస్‌లో ఒక్కటే కష్టం, నీళ్లు. సున్నపురాయి కాబట్టి పడ్డ వాన పడ్డట్టే భూమిలోకి దిగిపోతుంది. పైన వాగులు ఉండవు, బావులు తక్కువ, కొట్లు ఇంకా తక్కువ. ఒక జూలైలో మధ్యాహ్నం మూడింటికి నా రెండు సీసాలూ ఖాళీ అయ్యాయి. 37 డిగ్రీల ఎండ. ఊళ్లో తలుపులన్నీ మూసి ఉన్నాయి. అంతకు ముందు ఒక పెద్దాయన చెప్పిన మాట గుర్తొచ్చింది: శ్మశానం వెతుక్కో అని. చర్చి పక్కన ఇనుప గేటు తోసుకుని వెళ్తే, గోడకి పచ్చ ప్లాస్టిక్ నీళ్ల డబ్బాలు వరసగా తగిలించి ఉన్నాయి, కింద కొళాయి. సమాధుల మీద పూలకి పోయడానికి దాదాపు ప్రతి ఊరి శ్మశానంలోనూ కొళాయి ఉంటుంది. ఒక ముసలావిడ తన భర్త సమాధి మీద పూలకి నీళ్లు పోస్తోంది. తాగొచ్చా అని అడిగితే, ‘మా ఇంట్లో వచ్చే నీళ్లే బాబూ’ అంది. నేను గడగడా తాగుతుంటే చూసి, తన డబ్బాతో నా టోపీ కూడా తడిపి ఇచ్చింది. మన దగ్గర శ్మశానంలో నీళ్లు తాగడమా అనిపిస్తుంది, నాకూ మొదట్లో అనిపించింది. ఇక్కడి సైకిల్ వాళ్లందరికీ అది మామూలే. కొళాయి మీద ‘ఓ నోఁ పొతాబ్ల్’ అని ఉంటే మాత్రం తాగకండి, తాగే నీళ్లు కావని అర్థం. ఒక్కొక్కరూ రెండు పెద్ద సీసాలు పెట్టుకోండి, ఊరు కనపడగానే నింపుకోండి, సగం ఉన్నా సరే.

తిండి సంగతీ నీళ్లలాగే, ముందుచూపు కావాలి. పల్లెల్లో కొట్లు పన్నెండున్నరకి మూసి మూడింటికో నాలుగింటికో తీస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం పొద్దున దాకా చాలా ఊళ్లలో బూలాంజెరీ, అంటే రొట్టెల కొట్టు కూడా తెరవరు, సోమవారం వాళ్లకి సెలవు. హోటల్‌లో మధ్యాహ్న భోజనం 12 నుంచి ఒకటిన్నర లోపు వెళ్తేనే. రెండింటికి వెళ్తే వంటగది మూసేశాం అంటారు, బతిమాలినా లాభం లేదు. మీరు శాకాహారులు కాబట్టి ఇంకొంచెం జాగ్రత్త. ఈ ప్రాంతం బాతు మాంసానికి పేరు. సాలాడ్ అని తెప్పించుకుంటే అందులో బాతు కందనకాయలు ఉంటాయి. మేక చీజ్ సాలాడ్ అడిగి, ‘సాఁ లార్దోఁ’ అని తప్పకుండా చెప్పండి, పంది మాంసం ముక్కలు వేయొద్దని. చీజ్ విరగ్గొట్టడానికి చాలాచోట్ల దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు, దానికి కూడా పట్టింపు ఉంటే చీజ్ మానేయాలి. ఆమ్లెట్ తింటే దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. మేమైతే శనివారం రాత్రి చింతపండు పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటాం. ఆదివారం మధ్యాహ్నం ఏదో చర్చి అరుగు మీద కూర్చుని తింటే దానికి సాటి లేదు. మీ బంధువుల ఇంట్లో వంటగది ఉంటుంది కదా, పులుసు ముందే చేసి సీసాలో పెట్టుకుంటే దారిలో అన్నం వండుకునే గది దొరికిన రోజు పనికొస్తుంది.

కొట్లో అడుగు పెట్టగానే ముందు ‘బోంజూర్’ అనండి, తర్వాతే మీకు కావలసింది అడగండి. పల్లెల్లో దీనికి చాలా విలువ ఇస్తారు. రోడ్డు మీద ఎదురైన వాళ్లకి కూడా.

మీ శ్రీమతి గారి భయం గురించి. ఊరి బయట కారు సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర దూరం వదలాలని ఇక్కడ చట్టం. అంత చోటు కోసం తెల్ల గీత దాటడానికి కూడా కారుకి అనుమతి ఉంది. పల్లెల్లో చాలామంది పాటిస్తారు, వెనకే నెమ్మదిగా వచ్చి మలుపు అయ్యాక దాటుతారు, హారన్ కొట్టరు. శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం రాత్రి 10 దాకా ఏడున్నర టన్నులు దాటిన లారీలకి మామూలుగా రోడ్డెక్కే వీలు లేదు. అందుకని తప్పనిసరిగా ఎర్ర రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోవలసి వస్తే ఆ పని ఆదివారానికి పెట్టుకోండి. ఇద్దరు పక్కపక్కన తొక్కొచ్చు, వెనక బండి వస్తే ఒకరి వెనక ఒకరు రావాలి. ఎడమ హ్యాండిల్‌కి చిన్న అద్దం బిగించుకుంటే ఆవిడకి సగం టెన్షన్ తగ్గుతుంది. మీరు ముందు కాదు, ఆవిడ వెనక తొక్కండి.

ఒక నిబంధన మాత్రం మనవాళ్లకి కొత్త. ఊళ్లో బోర్డు లేని కూడలిలో కుడి పక్క సందులోంచి వచ్చేవాళ్లదే ముందు హక్కు. మీరు పెద్ద రోడ్డు మీద ఉన్నా సరే, సందులోంచి ట్రాక్టర్ చూడకుండా వచ్చేస్తుంది, తప్పు మీదే అవుతుంది. రోడ్డు పక్కన పసుపు డైమండ్ బోర్డు ఉంటేనే దారి మీది. ఇంకో మాట: చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా. పల్లె రోడ్డు మీద అవి అవసరం లేదు కూడా.

‘గ్రావియోఁ’ అని బోర్డు కనపడితే వెంటనే వేగం తగ్గించండి. వేసవిలో రోడ్డు మీద తారు పోసి సన్నకంకర చల్లి వదిలేస్తారు, బళ్లు తొక్కుతూ దాన్ని అణచాలి. మలుపులో ఆ కంకర మీద ముందు బ్రేకు వేస్తే జారిపోతారు.

ఐదో రోజు రాత్రి సాం-ఆంతొనాలో ఉండండి. నది ఒడ్డు, రాతి సందులు, ఆదివారం పెద్ద సంత. ఆరో రోజు కొంచెం కష్టం. పొద్దున అవెరోన్ లోయలో డి 115 మీద పెన్ మీదుగా బ్రునికెల్ దాకా సుఖంగా పోతుంది. శనాదివారాల్లో ఈ రోడ్డు మీద మోటార్‌సైకిళ్ల మోత ఉంటుంది, మీ ప్లాన్ పని రోజు వచ్చేలా జరుపుకోండి. బ్రునికెల్ తర్వాత గ్రెజీన్ అడవి అంచున ప్యుయిసెల్సీ అనే కోట ఊరు కొండ నెత్తిన ఉంటుంది. ఊళ్లోకి ఎక్కాలంటే చెమటలు పడతాయి. ఓపిక లేకపోతే కింద నుంచే చూడండి, కింద నుంచి కూడా బాగుంటుంది. తర్వాత కాస్తెల్నో-ద-మోంమిరాల్. అక్కడి నుంచి ద్రాక్ష తోటల మధ్య గయ్యాక్‌కి 13 కిలోమీటర్లు. ఫిజాక్ నుంచి గయ్యాక్ దాకా మొత్తం 180 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. 200 బీఆర్ఎం చేసిన మీకు అది ఒక రోజు పని అనిపించొచ్చు. అలా చేయకండి. నాలుగైదు రోజులకి పంచుకుంటేనే ఆ ఊళ్లలో దిగి కూర్చోగలరు.

సాయంత్రాల్లో జూన్ ఉరుములు వస్తాయి, మధ్యాహ్నం నాలుగు తర్వాత పడమట మబ్బు నల్లబడితే దగ్గర్లో ఉన్న ఊళ్లో ఆగిపోండి. వెలుతురు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, వాన వెలిసాక కూడా తొక్కొచ్చు. మసక పడితే ఊరి బయట మెరిసే జాకెట్ వేసుకోవడం తప్పనిసరి. ఎమర్జెన్సీకి 112.

గయ్యాక్ నుంచి తులూజ్‌కి రైలు గంట లోపే. సాయంత్రం ఐదు, ఆరు మధ్య రైళ్లలో ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు నిండిపోయి సైకిల్‌కి చోటు దొరకదు. నాలుగు లోపు రైలు గానీ, ఏడు తర్వాత రైలు గానీ చూసుకోండి. మీరు వచ్చే తేదీలు, ఎక్కే వారం ఏదో రాయండి. ఏ రోజు ఏ ఊళ్లో సంత ఉందో, ఏ ఊళ్లో రొట్టెల కొట్టు మూసి ఉంటుందో చూసి రాత్రి మజిలీలు సర్ది పెడతాను.